సింథసైజర్ కచేరీలో సరంజామా తగ్గింపు: దిగువ కృష్ణా డెల్టా వేదికల నేపథ్యంలో ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

హార్డ్‌వేర్ సింథసైజర్లతో వేదికపై కచేరీ చేసే కళాకారులు తమ సరంజామాను తగ్గించుకోవాలని కోరుకోవడం సహజం. అయితే ఏది ఉంచాలి, ఏది తీసివేయాలి అన్న ప్రశ్నను మోత, ధర, విద్యుత్తు వంటి వసతుల కోణం నుంచి మాత్రమే చూస్తే సమాధానం సగమే దొరుకుతుంది. వేదిక మీద అప్పటికప్పుడు తీసుకోవలసిన నిర్ణయాలలో ఏవి కళాకారుని చేతిలో మిగలాలి, ఏవి యంత్రానికి అప్పగించవచ్చు అన్నదే తగ్గింపుకు అసలైన ప్రమాణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఇందుకు చరణ్‌జిత్ సింగ్ 1982 నాటి రాగాల రికార్డును, మాండొలిన్ శ్రీనివాస్ వాద్యంలో తెచ్చిన మార్పును, పద్యనాటక హార్మోనియంను, కూచిపూడి మేళాన్ని పరిశీలిస్తుంది. మృదంగ విద్వాంసులు అందుబాటులో ఉన్న దిగువ కృష్ణా డెల్టా వేదికపై సింథసైజర్ సరంజామాలో నుంచి ముందుగా తొలగించవలసింది కాలాన్ని నియంత్రించే యంత్రమేనని నిర్ధారిస్తుంది.

కీలకపదాలు: సింథసైజర్, సరంజామా, మనోధర్మం, శ్రుతి, లయ, గమకం, కూచిపూడి, హార్మోనియం, మాండొలిన్.

1. ప్రవేశిక

సరంజామా అనే మాట తెలుగువారి వాడుకలో వంటకు, పెళ్ళికి, నాటకానికి సమానంగా చెల్లుతుంది. ఒక పనికి కావలసిన వస్తువులన్నీ అందులో చేరతాయి. సింథసైజర్ కళాకారుని సరంజామాలో లయకు డ్రమ్ మెషీన్, మంద్రస్థాయికి ఒక సింథసైజర్, పైస్థాయి స్వరాలకు మరొకటి, రికార్డు చేసిన ధ్వని ముక్కలకు శాంప్లర్, స్వరక్రమాన్ని గుర్తుంచుకొని వినిపించడానికి సీక్వెన్సర్, ప్రతిధ్వని వంటి వాటికి ఎఫెక్ట్స్ పెట్టె, వీటన్నిటి ధ్వనినీ కలపడానికి మిక్సర్ ఉంటాయి. మిక్సర్‌ను పక్కన పెట్టినా ఇవి ఆరు పెట్టెలు. ఒక్కొక్కదానికి ఒక ఎడాప్టర్, ఎడమ కుడి ధ్వనులకు రెండేసి కేబుళ్ళు, ఒకే కాలంలో నడవడానికి ఒకదాని నుంచి మరొకదానికి ఐదు కేబుళ్ళు కావాలి. మొత్తం ఇరవైమూడు. కచేరీ మధ్యలో మౌనం ఏర్పడితే ఆ ఇరవైమూడింటిలో లోపం ఎక్కడుందో వెతకాలి. పెట్టెలు మూడైతే అదే లెక్క ప్రకారం కేబుళ్ళు, ఎడాప్టర్లు కలిపి పదకొండుకు తగ్గుతాయి.

ఈ లెక్క సత్యమే. అయితే ఇది వసతికి సంబంధించిన లెక్క. ఏ మూడు పెట్టెలను ఉంచాలో ఇది చెప్పలేదు. ఆ ఎంపికకు సంగీతం నుంచే ప్రమాణం రావాలి.

అటువంటి ప్రమాణాన్ని వెతకడానికి దిగువ కృష్ణా డెల్టా తగిన చోటు. కృష్ణానది ఎడమగట్టున ఉన్న తోట్లవల్లూరు నుంచి ఉయ్యూరు, పామర్రు మీదుగా ఒకవైపు గుడివాడకు, మరొకవైపు కూచిపూడి, మొవ్వల మీదుగా దివిసీమకు సాగే ఈ ప్రాంతం శతాబ్దాలుగా వేదికను ఎరిగిన నేల. పదకర్త క్షేత్రయ్యకు మొవ్వతోను, సిద్ధేంద్రయోగికి కూచిపూడితోను ఉన్న సంబంధం సుప్రసిద్ధం. మంగళంపల్లి బాలమురళీకృష్ణకు గురువైన పారుపల్లి రామకృష్ణయ్య దివిసీమ సమీపాన శ్రీకాకుళంలో జన్మించారు. ఘంటసాల వేంకటేశ్వరరావు 1922లో గుడివాడ దగ్గరి చౌటపల్లిలో పుట్టారు. ఇటువంటి చోట సింథసైజర్ కొత్త వాద్యమే కావచ్చు. బయటినుంచి వచ్చిన వాద్యాన్ని వేదిక అవసరాలకు తగినట్టు తగ్గించి, మలచి, తనదిగా చేసుకొనే పని మాత్రం ఇక్కడి సంగీతానికి కొత్తది కాదు.

2. సింథసైజర్ చరిత్రలో తగ్గింపు

సింథసైజర్ వేదిక మీదికి రావడమే ఒక తగ్గింపు ఫలితం. తొలినాటి మాడ్యులర్ సింథసైజర్‌లో ధ్వనిని పుట్టించే ఆసిలేటర్, దాని స్వభావాన్ని మలిచే ఫిల్టర్, ధ్వని మొదలై పెరిగి అణగే తీరును నిర్ణయించే ఎన్వలప్ వేర్వేరు భాగాలుగా ఉండేవి. కళాకారుడు వాటిని తీగలతో కలుపుకుంటూ పోవాలి. భారతదేశంలో అటువంటి మూగ్ యంత్రాన్ని 1969లో అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ నెలకొల్పారు. గీతా సారాభాయ్, ఎస్.సి. శర్మ, ఐ.ఎస్. మాథుర్, అతుల్ దేశాయ్, జిన్‌రాజ్ జోషీపురా వంటివారు దానిపై ప్రయోగాలు చేశారు. ఆ రికార్డింగులు 2023లో గాని లోకానికి ఆల్బమ్‌గా అందలేదు. అది ప్రయోగశాలలో కూర్చుండి చేసే సంగీతం. ఒక ధ్వని నుంచి మరొక ధ్వనికి మారాలంటే తీగలు ఊడదీసి మళ్ళీ పెట్టాలి.

1970లో వచ్చిన మినీమూగ్ ఈ స్థితిని మార్చింది. ఎక్కువగా వాడే కలయికలను లోపలే స్థిరంగా అమర్చి, పైనుంచి తీగలను తొలగించింది. ఏ భాగాన్నైనా ఏ భాగంతోనైనా కలిపే స్వేచ్ఛ దీనితో పోయింది. బదులుగా మీటల ఎడమపక్కన రెండు చక్రాలు వచ్చాయి. వాటిలో ఒకటి పిచ్ వీల్. అది వేలి కదలికతో స్వరాన్ని వంచుతుంది. తగ్గించిన యంత్రంలోనే స్వరాన్ని చేతితో వంచే సాధనం చేరడం గమనించదగిన విషయం. గమకాన్ని ప్రాణంగా భావించే సంగీతానికి సింథసైజర్ తలుపు తెరిచింది ఇక్కడే.

1983లో వచ్చిన మిడి పద్ధతి దీనికి ఎదురుదిశలో పనిచేసింది. వేర్వేరు సంస్థల వాద్యాలు ఒకే కేబుల్ ద్వారా మాట్లాడుకోగలిగాయి. ఒక కేబుల్‌పై పదహారు మార్గాలు. కలపడం సులువైన కొద్దీ పెట్టెలు పెరిగాయి. ఈనాడు సింథసైజర్ కళాకారుడు మోస్తున్న బరువులో కొంత ఆ సౌలభ్యం తెచ్చిపెట్టినదే.

3. మూడు వాద్యాలతో పది రాగాలు: చరణ్‌జిత్ సింగ్

మిడి రాకకు ముందే, 1982లో, హిందీ సినిమా వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ ‘సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్’ అనే రికార్డును వెలువరించారు. ఆయన ఉపయోగించినవి రోలాండ్ సంస్థ వాద్యాలు మూడు: టీఆర్-808 డ్రమ్ మెషీన్, టీబీ-303 మంద్రస్థాయి సింథసైజర్, జూపిటర్-8 సింథసైజర్. ఆనాడు పెద్దగా ఆదరణ పొందని ఈ రికార్డు 2010లో తిరిగి వెలువడిన తర్వాత ప్రపంచమంతా చర్చనీయమైంది. షికాగోలో 1987లో ఫ్యూచర్ బృందం ‘యాసిడ్ ట్రాక్స్’తో స్థాపించిన ధ్వనికి, దానికి అయిదేళ్ళ ముందరి ఈ రాగాల రికార్డుకు ఉన్న పోలిక శ్రోతలను ఆశ్చర్యపరచింది. 2015లో మరణించడానికి ముందు చివరి సంవత్సరాల్లో సింగ్ ఈ సంగీతాన్ని ఐరోపా వేదికలపై వినిపించారు.

ఈ సరంజామాలో పని విభజన స్పష్టంగా ఉంటుంది. లయ 808ది. మంద్రస్థాయిలో మళ్ళీ మళ్ళీ తిరిగే స్వరవరుస 303ది. రాగసంచారం జూపిటర్ మీటలపై ఉన్న చేతిది. తెలుగు శ్రోతకు ఈ రాగాలు అపరిచితాలు కావు. భూపాలి మన మోహనానికి, మాల్కౌంస్ హిందోళానికి, భైరవ్ మాయామాళవగౌళకు, కళావతి వలజికి, బైరాగి రేవతికి స్వరస్థానాల్లో సమానం. ఎంచుకున్న రాగాల్లో ఐదు స్వరాలవి ఎక్కువగా ఉండడం కూడా సరంజామాకు తగిన ఎంపికే. స్వరాలు తక్కువైనప్పుడు 303లో అమర్చిన వరుస రాగస్వరూపాన్ని చెడగొట్టకుండా ఎంతసేపైనా తిరగగలదు.

పరిమితి కూడా ఇక్కడే కనిపిస్తుంది. పది రాగాలకూ నడక ఒక్కటే. లలిత్ ప్రాతఃకాలపు గాంభీర్యానికీ, మేఘ్ మల్హార్ వర్షాకాలపు ఉద్ధృతికీ నాలుగు దెబ్బల డిస్కో లయే ఆధారం. విలంబం లేదు. స్వరం ఆగితే లయ ఆగదు. రాగం చేతిలో ఉంది, కాలం యంత్రంలో ఉంది. తబలా కళాకారుడు పక్కన లేని ఒంటరి సింథసైజర్ వాదకునికి అది అనివార్యం. ఆ కచేరీ రీతిలో యంత్రలయ స్థిరత్వమే సౌందర్యం కూడా. అది మారకుండా సాగుతుంటే ఫిల్టర్‌ను తిప్పే చేయి నాదస్వభావాన్ని మారుస్తుంది. కాబట్టి చరణ్‌జిత్ సింగ్ సరంజామా ఆయన పరిస్థితికి అచ్చంగా సరిపోయిన తగ్గింపు. దానిని ప్రతి వేదికకూ నమూనాగా తీసుకోవచ్చునా అన్నది వేరే ప్రశ్న.

4. గుడివాడ, 1978: ఎనిమిది తీగల నుంచి ఐదు తీగలకు

విద్యుత్ వాద్యాన్ని తగ్గించి మలచుకోవడంలో తెలుగునాట అత్యంత ఫలవంతమైన ఉదాహరణ సింథసైజర్‌ది కాదు, మాండొలిన్‌ది. 1969లో పాలకొల్లులో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ తొలి కర్ణాటక సంగీత కచేరీ 1978లో గుడివాడలో, త్యాగరాజ ఆరాధనోత్సవంలో జరిగింది. తొమ్మిదేళ్ళ బాలుడు పాశ్చాత్య వాద్యంతో త్యాగరాజ ఉత్సవ వేదిక ఎక్కడం ఈ డెల్టా సంగీత చరిత్రలో ఒక ఘట్టం.

సాధారణ మాండొలిన్‌కు ఎనిమిది తీగలు ఉంటాయి. రెండేసి తీగలు ఒకే స్వరానికి జతగా ఉండి నాలుగు జతలవుతాయి. తీగ శబ్దం చిన్నది, త్వరగా అణిగిపోతుంది. జత చేస్తే కొంత నిండుదనం వస్తుంది. అంటే ఆ రెండో తీగ శబ్దం కోసం చేర్చినది. కానీ గమకం పలికించేటప్పుడు అదే అడ్డు. ఒక తీగను లాగినంతనే రెండోదాన్నీ సరిగ్గా లాగాలి, లేకపోతే రెండు తీగల శ్రుతి విడిపోతుంది. శ్రీనివాస్ విద్యుత్ మాండొలిన్‌ను స్వీకరించి జతలను తీసివేసి, ఐదు ఒంటితీగలు ఉంచుకున్నారు. శబ్దాన్ని పెంచే పనిని ఆంప్లిఫైయర్ తీసుకుంది. స్వరం ఎక్కువసేపు నిలవగలిగింది. ఎడమచేతి వేలికి ఒక్క తీగతోనే పని మిగిలింది. ఐదో తీగ వల్ల స్థాయి విస్తరించింది.

ఈ మార్పులో తగ్గింపు తర్కం పూర్తిగా ఇమిడి ఉంది. యంత్రం చేయగల పని యంత్రానికి వెళ్ళింది. చేయి మాత్రమే చేయగల పని చేతిలో మిగిలింది. అందుకు అడ్డుగా ఉన్నది తొలగింది. చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులైన రుద్రరాజు సుబ్బరాజు వాద్యకారులు కారు, గాయకులు. ఆయన పాడి చూపినదాన్ని శిష్యుడు మాండొలిన్‌పై పలికించాడు. అందువల్ల వాద్యానికి కొలబద్ద ముందునుంచీ గాత్రమే అయింది. గాత్రంలో ఉన్నది తీగపై పలకకపోతే లోపం వాద్యానిదే కనుక వాద్యాన్నే మార్చాలి. తర్వాతి కాలంలో శ్రీనివాస్ 1995 నాటి ‘డ్రీమ్’ ఆల్బమ్‌లో కెనడా సంగీతకారుడు మైఖేల్ బ్రూక్ ఎలక్ట్రానిక్ ధ్వనులతోను, ‘రిమెంబర్ శక్తి’ బృందంలో జాన్ మెక్‌లాక్లిన్ గిటారుతోను కలసి వాయించారు. చుట్టూ సరంజామా పెరిగినా ఆయన చేతిలోని వాద్యం అదే ఐదు తీగలది.

5. హార్మోనియం నేర్పే పాఠం

ప్రతి తగ్గింపూ లాభమే అనుకోవడం పొరపాటని హార్మోనియం చరిత్ర హెచ్చరిస్తుంది. పారిస్‌లో 1842లో అలెగ్జాండర్ డెబైన్ హక్కు పొందిన హార్మోనియం కాళ్ళతో గాలి నింపే పెద్ద వాద్యం. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ 1875లో దానిని చేతితో గాలి నింపే చిన్న పెట్టెగా మార్చారు. కాళ్ళ పని పోయింది, పెట్టె చిన్నదైంది, నేలమీద కూర్చుని వాయించే వీలు కలిగింది. అయితే ఎడమచేయి గాలికి కేటాయింపు కావడంతో మీటలకు ఒక్క చేయే మిగిలింది. పాశ్చాత్య సంగీతానికి ఇది పెద్ద లోటు. ఏకస్వర సంచారం ప్రధానమైన మన సంగీతానికి లోటే కాదు. దేశమంతా ఆ పెట్టె వ్యాపించడానికి ఇది ఒక కారణం.

గమకం మాత్రం దానికి లొంగలేదు. మీటకు మీటకు నడుమ ఉన్న నాదం హార్మోనియంకు అందదు. ఆ కారణం మీదనే ఆకాశవాణి 1940లో దానిపై విధించిన నిషేధం 1971 వరకు సాగింది. ఆ నిషేధ కాలంలోనూ పద్యనాటక వేదికపై హార్మోనియం స్థానం చెక్కుచెదరలేదు. బందరు హైస్కూలులో తెలుగు పండితులుగా పనిచేసిన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి, దివాకర్ల తిరుపతిశాస్త్రి జంటగా రచించిన పాండవోద్యోగ విజయాల పద్యాలను డెల్టా గ్రామాలు తరతరాలుగా హార్మోనియం తోడుతోనే విన్నాయి.

రేడియోలో దోషమైనది నాటకంలో దోషం కాకపోవడానికి కారణం పని విభజనలో ఉంది. పద్యనాటకంలో రాగాన్ని, గమకాన్ని మోసేది నటుని గొంతు. హార్మోనియం శ్రుతిని పట్టి ఉంచుతుంది. పద్యపాదం చివర నటుడు ఊపిరి తీసుకునే సమయాన్ని భర్తీ చేస్తుంది. నటుడు రాగాన్ని ఎంత పొడిగిస్తే అంతసేపు వేచి ఉంటుంది. ప్రేక్షకులు ‘వన్స్‌మోర్’ అంటే మళ్ళీ మొదలుపెడుతుంది. గమకం పలకని వాద్యమైనా, నటుని మనోధర్మాన్ని అనుసరించగలిగినందువల్ల అది వేదికకు సరిపోయింది. కాబట్టి వాద్యం మంచిచెడ్డలను విడిగా నిర్ణయించడం కుదరదు. పక్కన ఎవరున్నారు, వారు ఏ బాధ్యత వహిస్తున్నారు అన్నదానితో కలిపి చూడాలి.

6. కూచిపూడి మేళం: ఎవరు ఎవరిని అనుసరిస్తారు?

ఈ ప్రశ్న కూచిపూడి మేళంలో మరింత స్పష్టంగా ఎదురవుతుంది. నట్టువాంగం, గాత్రం, మృదంగం, వయొలిన్ లేదా వేణువు, శ్రుతి కలిసి మేళం అవుతాయి. నట్టువాంగం చేసేవారి కళ్ళు నర్తకి పాదాల మీద ఉంటాయి. పళ్ళెం అంచుపై నిలిచి చేసే తరంగంలో నర్తకి పాదవిన్యాసానికి, మృదంగానికి మధ్య సంభాషణ జరుగుతుంది. భామాకలాపంలో పాత్ర అభినయాన్ని పొడిగిస్తే గాయకుడు అదే పంక్తిని మళ్ళీ అందుకుంటాడు. వేదిక మీది కాలం ఎవరో ఒకరి సొత్తు కాదు, అది పరస్పరం పంచుకొనేది.

ఈ మేళంలోకి విద్యుత్ సాధనాలు రెండు దారుల్లో ప్రవేశించాయి. ఒకటి ఎలక్ట్రానిక్ తంబుర. బెంగళూరుకు చెందిన జి. రాజ్ నారాయణ్ 1979లో రూపొందించిన ఈ సాధనం కొద్ది కాలంలోనే దక్షిణాది వేదికలపై నిత్యావసరమైంది. రెండవది రికార్డు చేసిన పాట, కళాకారుల వాడుకలో ‘ట్రాక్’. ఖర్చు దృష్ట్యా రెండూ సరంజామా తగ్గింపులే. సంగీత దృష్ట్యా రెండింటికీ పోలిక లేదు. శ్రుతి కచేరీ ఆద్యంతం మారకూడనిది. మారకూడని దానిని యంత్రానికి అప్పగిస్తే నష్టం స్వల్పం, అది తంబుర నాదంలోని సజీవ సౌందర్యానికి మాత్రమే పరిమితం. లయ, గానం అలా కాదు. అవి నర్తకికి బదులు చెప్పాలి. ట్రాక్ బదులు చెప్పదు. నర్తకి దానిని అనుసరించవలసి వస్తుంది. పాదం తాళాన్ని నడిపించిన చోట తాళం పాదాన్ని నడిపిస్తుంది. ఒక వేదిక మీద నుంచి నలుగురు కళాకారులు తప్పుకోవడం ఇందులో జీవనోపాధికి చెందిన నష్టం. మిగిలిన ఒక్క కళాకారిణి కూడా తన కాలంపై అధికారం కోల్పోవడం కళకు చెందిన నష్టం.

వెంపటి చినసత్యం నృత్యనాటకాలు ఇందుకు మరో కొసను చూపుతాయి. 1929లో కూచిపూడిలో పుట్టి, 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించిన ఆయన నాటకాలకు సంగీతం కూర్చినవారు పట్రాయని సంగీతరావు. ఘంటసాలకు సహాయకులుగా దీర్ఘకాలం పనిచేసిన సంగీతరావు హార్మోనియం విద్వాంసులు. గమకానికి పనికిరాదని పేరుపడిన పెట్టె నృత్యనాటక రచనకు పునాది అయింది. వాద్యం చిన్నదైనా దాని వెనుక ఉన్న చెవి పెద్దదైతే ఫలితం వేరుగా ఉంటుందనడానికి ఇది నిదర్శనం.

7. ఒకే పెట్టె, అనేక పనులు: ఆరేంజర్ కీబోర్డు

గ్రామాల్లో శ్రీరామనవమి పందిళ్ళలో, జాతరల్లో, ఆర్కెస్ట్రాల్లో ఇప్పుడు కనిపించే ప్రధాన సరంజామా కీబోర్డు, ప్యాడ్స్. ఎడమచేత్తో ఒక మీట నొక్కితే లయ, మంద్రస్థాయి, తోడు స్వరాలు వాటంతటవే మొదలయ్యే ఆరేంజర్ కీబోర్డు ఒక బృందం చేసే పనిని ఒక్కరి చేతికిందికి తెస్తుంది. సంస్థలు భారతీయ విపణి కోసం ప్రత్యేక వాద్యాలను కూడా తయారుచేశాయి. యమహా పీఎస్ఆర్-ఐ455లో తబలా, తంబుర ధ్వనులు కలిసి మోగే ‘రియాజ్’ అనే ఏర్పాటు ఉంది. సాధనకు ఇది నిస్సందేహంగా ఉపకారి.

వేదికపై దీనిని సరళమైన సరంజామా అని పిలవడంలో ఒక చిక్కు ఉంది. పెట్టెల సంఖ్య ఒకటి. లోపల జరుగుతున్న పనుల సంఖ్య ఎప్పటిలాగే ఉంది, పైగా పెరిగింది కూడా. మార్పు ఒక్కటే, ఆ పనులపై నిర్ణయం వాదకుని చేతి నుంచి ముందే అమర్చిన క్రమానికి వెళ్ళింది. దీనిని కుదింపు అనవచ్చు గాని తగ్గింపు అనలేము. శ్రీనివాస్ తీగలు తీసివేసినప్పుడు చేయి చేయగలిగినది పెరిగింది. ఆరేంజర్ పెట్టెలో బృందాన్ని కుదించినప్పుడు చేతికి మిగిలింది మొదలుపెట్టడం, ఆపడం, రాగవరుస వాయించడం. గ్రామ ఉత్సవ కమిటీ బడ్జెట్, వాహన ఖర్చు, ఒకే కరెంటు కనెక్షన్ వంటి కారణాలు న్యాయమైనవే. వాటిని తప్పుపట్టడం ఈ చర్చ ఉద్దేశం కాదు. కుదింపును తగ్గింపుగా పొరబడితే మాత్రం, ఏమి కోల్పోయామో తెలియకుండానే కోల్పోతాము.

8. డెల్టా వేదికకు తగిన సింథసైజర్ సరంజామా

పై పరిశీలనలను మొదటి ప్రశ్నకు అన్వయిస్తే సింథసైజర్ సరంజామాను మూడు బాధ్యతలుగా విభజించవచ్చు: శ్రుతి, లయ, రాగం. వీటిలో శ్రుతిని ఎలక్ట్రానిక్ తంబురకు అప్పగించవచ్చునని కూచిపూడి మేళం చూపింది. మిగిలిన రెండింటిని కళాకారుని చేతులను లెక్కపెట్టి నిర్ణయించాలి.

సింథసైజర్‌పై రాగం పలకాలంటే కుడిచేయి మీటలపై, ఎడమచేయి పిచ్ వీల్‌పై ఉండాలి. తోడి రాగంలోని సాధారణ గాంధారాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. ఆ స్వరం నిశ్చలంగా నిలవదు. శుద్ధ రిషభ, శుద్ధ మధ్యమాల నడుమ ఊగుతూ ఉంటుంది. గాంధారానికి రిషభం రెండు మెట్లు కింద, మధ్యమం రెండు మెట్లు పైన ఉన్నాయి. కాబట్టి పైకీ కిందికీ రెండేసి మెట్లు వంగేటట్టు అమర్చిన చక్రం ఆ ఊపు మేరను పూర్తిగా అందుకోగలదు. కాని ఆ ఊపు వేగం, బరువు, ఆగే చోటు ఎడమచేతి వేళ్ళకు సాధన ద్వారా మాత్రమే వస్తాయి. ఈ పనిలో ఉన్న ఎడమచేయి డ్రమ్ మెషీన్ బొత్తాము నొక్కడానికి గాని, సీక్వెన్సర్‌లో వరుస మార్చడానికి గాని వెళితే ఆ క్షణంలో గమకం పోతుంది. రాగం మోడుబారిన స్వరాల వరుసగా మారుతుంది. అంటే చేయి కోరే ప్రతి అదనపు పెట్టె గమకంలో వెల తీసుకుంటుంది. మూడో చేయి లేనందువల్ల, రాగప్రధానమైన కచేరీలో సింథసైజర్ ఒక్కటే ఉండాలన్నది అలంకారప్రాయమైన నియమం కాదు, శరీరం విధించిన నియమం.

లయ విషయంలో డెల్టా వేదికకు చరణ్‌జిత్ సింగ్‌కు లేని సంపద ఉంది. తోట్లవల్లూరు నుంచి కూచిపూడి దాకా ఉన్న ఊళ్ళకు మృదంగం, డోలు, డోలక్ వాయించే చేతులు దూరం కావు. పక్కన మృదంగం ఉన్నప్పుడు సరంజామాలో నుంచి మొదట తీసివేయవలసింది డ్రమ్ మెషీన్, దానితోపాటు సీక్వెన్సర్. యంత్రకాలం, మనిషి లయ ఒకే వేదికపై ఉంటే మనిషే యంత్రానికి లోబడాలి. యంత్రం మనిషి ఆగిన చోట ఆగదు, తొందరపడిన చోట తొందరపడదు. మృదంగ విద్వాంసుడు తని ఆవర్తనంలో నడక మార్చి చాపు పట్టుకున్నా యంత్రానికి వినపడదు.

ఈ ఒక్క తొలగింపు మరికొన్ని తొలగింపులకు దారితీస్తుంది. కాలయంత్రం లేనప్పుడు కాలసంకేతాలను మోసే కేబుళ్ళు అవసరం లేదు. ముందే అమర్చిన వరుసలు లేనప్పుడు వాటిని వినిపించే రెండో సింథసైజర్, శాంప్లర్ అవసరం లేదు. ఆరు పెట్టెల్లో మిగిలేవి సింథసైజర్, కావాలనుకుంటే ప్రతిధ్వని పెట్టె. తంబుర పెట్టెను చేర్చినా మొత్తం మూడే. వసతి కోణం నుంచి బయలుదేరినవారు చేరాలనుకున్న చోటికి సంగీత కోణం నుంచి కూడా చేరవచ్చన్నమాట. తేడా ఏమిటంటే ఈ దారిలో ఏది ఎందుకు పోయిందో తెలుస్తుంది.

మిగిలిన సింథసైజర్‌లోనూ తగ్గింపు కొనసాగాలి. వందల ధ్వనులున్న వాద్యమైనా కచేరీకి నాలుగైదు నాదాలు చాలు. వాటిని తెర మీది జాబితాలో వెతుక్కోకుండా చేతికందే బొత్తాములపై ఉంచుకోవాలి. గాయకుని శ్రుతి మారితే ట్రాన్స్‌పోజ్‌తో వాద్యం శ్రుతిని మార్చుకునే వీలుంది. అయితే దానిని తంబురతో సరిచూసుకోవడం కచేరీకి ముందే జరగాలి. చెన్నైలో కె. సత్యనారాయణన్ కీబోర్డుపై పిచ్ వీల్‌తో కర్ణాటక కచేరీలు నిర్వహించడం ఈ మార్గం ఊహకు మాత్రమే పరిమితం కాదని చూపుతుంది.

ఈ ప్రతిపాదనకు ఒక ఆక్షేపణ రావచ్చు. యంత్రలయ లేకపోతే అది ఎలక్ట్రానిక్ సంగీతమేనా? నృత్యశాలల్లో పుట్టిన ఎలక్ట్రానిక్ సంగీతానికి యంత్రలయ ప్రాణమన్నది నిజం. కానీ సింథసైజర్ ఆ సంగీతం కంటే ముందే పుట్టింది. మినీమూగ్‌లో లయయంత్రం లేదు. నాదాన్ని పుట్టించి మలిచే తీరులో విద్యుత్తు ఉంటే ఆ సంగీతాన్ని ఎలక్ట్రానిక్ అనడానికి చాలు. కాలాన్ని కూడా విద్యుత్తే నడపాలన్న నియమం లేదు.

9. ముగింపు

సింథసైజర్ సరంజామా తగ్గింపును పెట్టెల లెక్కగా కాక, వేదిక మీది బాధ్యతల పంపకంగా చూడవలసిన అవసరాన్ని ఈ వ్యాసం పరిశీలించింది. తేలిన అంశాలు ఇవి:

1. కచేరీలో మారకూడనిది యంత్రానికి, మారవలసినది మనిషికి చెందాలి. శ్రుతి మొదటిదానికి, లయ, గమకం రెండోదానికి ఉదాహరణలు.

2. తగ్గింపు, కుదింపు వేర్వేరు. మొదటిది చేతి శక్తిని పెంచుతుంది. రెండవది చేతి పనిని ముందే అమర్చిన క్రమానికి బదలాయిస్తుంది. శ్రీనివాస్ ఐదు తీగల మాండొలిన్ మొదటిదానికి, ఆరేంజర్ కీబోర్డు రెండవదానికి ప్రతినిధులు.

3. వాద్యం యోగ్యత తోటి కళాకారులను బట్టి మారుతుంది. రేడియోలో నిషేధానికి గురైన హార్మోనియం పద్యనాటకంలో వెలగడానికి కారణం ఇదే. ఒంటరిగా వాయించిన చరణ్‌జిత్ సింగ్‌కు డ్రమ్ మెషీన్ అవసరం, మృదంగం తోడున్న డెల్టా వేదికకు అది అడ్డంకి.

4. రాగప్రధానమైన కచేరీలో వాదకుని రెండు చేతులూ ఒకే సింథసైజర్‌కు కేటాయింపు కావాలి. అదనపు పెట్టె ప్రతిదీ గమకానికి భంగం కలిగిస్తుంది.

కూచిపూడి, గుడివాడ, దివిసీమ వేదికలపై సింథసైజర్ ఇప్పటికే ఉంది. అది ట్రాక్‌కు, ఆరేంజర్ లయకు మరో పేరుగా మిగిలిపోతే పక్కన కూర్చోవలసిన మృదంగ విద్వాంసునికి చోటు ఉండదు. దాని సరంజామాను సంగీత ప్రమాణంతో తగ్గించుకుంటే ఆ చోటు తిరిగి ఏర్పడుతుంది. గమకం పలికే ఒక సింథసైజర్, శ్రుతి నిలిపే ఒక తంబుర పెట్టె, వాటి పక్కన ఒక మృదంగం ఉన్న కచేరీ ఈ ప్రాంతపు సంప్రదాయానికి విరుద్ధమైనది కాదు. 1978లో గుడివాడ వేదిక ఒక పాశ్చాత్య వాద్యాన్ని స్వీకరించిన తీరుకు అది సహజమైన కొనసాగింపు.